పోర్చుగీసు పీపా - కాట్రేనికోన కల్లుముంత

మన ఇళ్లలో నూనె నిలవచేసే పీపాను ఎరుగనివారుండరు. అయితే ఆ మాట ఎక్కడినుండి వచ్చినదో ఆలోచించేవారు తక్కువ. అలమారా, బాల్చీ, తువాలు, ఇస్త్రీ, మేస్త్రీ, అనాస మొదలైన మాటలవలెనే పీపా కూడా పదహారవ శతాబ్దం నుండి పోర్చుగీసు ఓడలతోపాటు మన దేశపు రేవులలో దిగిన మాట. వారి భాషలో పీపా అంటే ముఖ్యంగా ద్రాక్ష ఆసవాన్ని నింపే పెద్ద కొయ్యపాత్ర. పోర్చుగల్ ఉత్తరభాగంలోని డౌరో నదీలోయలో నేటికీ 550 లీటర్ల కొలతకు పీపా అనే పేరు వాడుకలో ఉన్నది.

మాట మన యింటికి వచ్చినది గాని, ఆ పీపాలోని సరుకు చరిత్ర మనకు అంతగా తెలియదు. ఆ చరిత్ర కోనసీమవారు, అందులోనూ కాట్రేనికోన వంటి సముద్రతీర ప్రాంతంవారు తెలుసుకోదగినది. ద్రాక్షపండు రసం పోర్చుగల్లులో పీపాలకెక్కి నూరేళ్లు నిలిచి, ప్రపంచమంతటా తన ఊరి పేరుతో అమ్ముడుపోతున్నది. కాట్రేనికోన గట్లమీద తాటిచెట్టునుండి తెల్లవారుజామున దించిన నీరు ఆనాటి సాయంకాలానికే పనికిరాకుండా పోతున్నది. రెండూ చెట్టు ఇచ్చిన తీపి నీళ్లే. రెండూ పులిసేవే. ఒకదానికి అంత ఆయుష్షు, మరొకదానికి ఇంత అల్పాయుష్షు ఎందుకు కలిగినవి? ఇది చెట్టు స్వభావమా, మనుషుల ఏర్పాటా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడమే ఈ ప్రసంగం ఉద్దేశం. త్రాగుడు మంచిచెడ్డల చర్చ దీనిలో లేదు. ఒక పంటను, దానిని నమ్ముకొన్న పనివారిని, ఒక దేశం ఎట్లా నిలుపుకొన్నదన్నదే ఇక్కడి విషయం.

ముందుగా ఒక మాట. వైనును మనవారు ద్రాక్షసారా అంటారు. సారా అంటే పులిసినదానిని కాచి, ఆవిరిపట్టి దించినది. వైను అట్లా దించినది కాదు, కేవలం పులిసినది. వైద్యశాస్త్రాలవారి ఆసవం అన్న మాట దానికి సరిగా సరిపోతుంది. ఆ లెక్కన వైనుకు దగ్గరి చుట్టం మన కల్లేగాని సారా కాదు. పోర్చుగీసువారు కూడా ఈ చుట్టరికాన్ని గుర్తించి, కల్లును తాటివైను అనే అర్థం వచ్చే పేరుతో పిలిచినారు.

పోర్చుగల్ చిన్న దేశం. దాని వైశాల్యం సుమారు 92,000 చదరపు కిలోమీటర్లు. మన ఆంధ్రప్రదేశ్ అంతకంటె చాలా పెద్దది. అయినా ఆ చిన్న దేశంలో తరతరాలుగా పండుతున్న స్వదేశీ ద్రాక్షరకాలు రెండువందల యాభైకి పైగా ఉన్నవని లెక్కవేసినారు. తూరీగా నాసియొనాల్, అల్వరీన్యో, బాగా, రమీష్కు - ఇవి వాటిలో కొన్ని. ఇన్ని రకాలు ఉండడానికి కారణం నేలలోను వానలోను ఉన్న భేదమే. ఉత్తరాన అట్లాంటిక్ మహాసముద్రపు గాలికి ఎడతెగని వాన, లోపలికి పోతే కొండలమాటున మండే ఎండ, దక్షిణాన మెట్టమైదానాలు, సముద్రపుటొడ్డున ఇసుక. మన గోదావరి డెల్టాలో ఊరూరికీ వరిరకం మారినట్లు అక్కడ లోయలోయకూ ద్రాక్షరకం మారుతుంది.

వాయవ్యమూలనున్న మీన్యో ప్రాంతం కోనసీమవారికి కొత్తగా తోచదు. అక్కడ చిన్న కమతాలు, దట్టమైన పచ్చదనం, విస్తారమైన వాన. ఉన్న కొద్దిపాటి నేలలో తిండిగింజలు పండించుకోవలెను గనుక అక్కడి రైతులు పూర్వం ద్రాక్షను నేలమీద పరచలేదు. చేను అంచులనున్న చెట్లమీదికి ఎక్కించినారు, లేదా ఎత్తైన పందిళ్లు వేసినారు. క్రింద మొక్కజొన్న, కూరగాయలు, పైన ద్రాక్షగుత్తులు. కొబ్బరితోటలో అరటి, కంద, కోకో వేసుకొని ఒకే నేలనుండి రెండుమూడు పంటలు తీసే మన రైతు ఆలోచనే అది. ఈ ప్రాంతపు వైనును విన్యో వెర్ద్ అంటారు, అనగా పచ్చివైను. రంగు పచ్చగా ఉంటుందని కాదు, లేతగా ఉండగానే త్రాగవలసినదని ఆ పేరు. చెట్ల నీడన, వానలో పండిన కాయలో పులుపెక్కువ, తీపి తక్కువ. అందుచేత అది ఎక్కువకాలం నిలువ ఉంచేది కాదు.

అక్కడినుండి తూర్పుగా కొండలు దాటితే డౌరో లోయ. ఇక్కడ వాన తక్కువ, వేసవి ఎండ దుర్భరం. నేల మట్టికాదు, పలకలు పలకలుగా చీలే రాయి. ఆ రాతిని పగులగొట్టి, కొండవాలు పొడవునా గోడలు కట్టి, మెట్లు మెట్లుగా మడులు తీసి ద్రాక్ష నాటినారు. ద్రాక్షవేరు రాతి చీలికలలోకి దూరి తేమను వెదకికొంటుంది. తరతరాల కూలిజనం చేతితో కట్టిన ఈ మెట్లను చూచియే 2001లో యునెస్కో ఆ లోయను ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించినది.

కోత కాలంలో కాయలను పెద్ద రాతితొట్లలో పోసి, స్త్రీపురుషులు భుజాలు కలుపుకొని వరుసగా నిలిచి కాళ్లతో తొక్కే ఆచారం ఇక్కడిది. మొదటి రెండుగంటలు లెక్క చెప్పేవాని కేకకు అనుగుణంగా అడుగువేయవలెను. తరువాత వాద్యాలు, పాట. యంత్రాలు వచ్చిన తరువాత కూడా కొన్ని తోటలలో ఈ పద్ధతిని విడువలేదు. మనిషి పాదం తోలును చిదుపుతుందిగాని గింజను నలపదు. గింజ నలిగితే చేదు దిగుతుంది. ఆచారంగా కనిపించేదాని వెనుక ఇటువంటి పనివాని తెలివి ఉంటుంది.

ఇక అసలు రహస్యం. ఏ తీపిరసమైనా పులియడమంటే కంటికి కనబడని ఈస్టు అనే సూక్ష్మజీవులు అందులోని చక్కెరను తిని, దానిని ఆల్కహాలుగాను బొగ్గుపులుసు వాయువుగాను మార్చడం. నురగ, పొంగు ఆ వాయువు వలన కలిగేవే. పండిన ద్రాక్షరసంలో నూటికి ఇరవైపాళ్లకు పైగా చక్కెర ఉంటుంది. అదంతా పులిస్తే నూటికి పన్నెండు పదమూడు పాళ్ల ఆల్కహాలు తయారవుతుంది. డౌరోవారు దానిని పూర్తిగా పులియనీయరు. రెండుమూడు రోజులు పులిసి, సగం తీపి ఇంకా మిగిలి ఉండగానే, 77 పాళ్ల ఆల్కహాలున్న ద్రాక్షసారాను దానిలో కలుపుతారు. సంప్రదాయమైన లెక్క ఇది: 435 లీటర్ల రసానికి 115 లీటర్ల సారా. మొత్తం 550 లీటర్లు, అనగా ఒక పీపా. ఆ ఘాటుకు ఈస్టు చచ్చిపోతుంది, పులుపు ఆగిపోతుంది, తీపి మిగిలిపోతుంది. నూటికి ఇరవైపాళ్ల ఆల్కహాలున్న ఆ ద్రవంలో చెడగొట్టే సూక్ష్మజీవులు సాధారణంగా బ్రతుకలేవు. అదే పోర్టు వైను. ఓడ ఎక్కినా చెడదు, పీపాలో ఏళ్లతరబడి ఉన్నా చెడదు.

ఈ లెక్కను మన తాటినీటితో పోల్చి చూడండి. కాట్రేనికోన ప్రాంతంలో గీతపనివాడు మోకు బిగించి చెట్టెక్కి, గెలను నొక్కి మెత్తపరచి, దాని కొనను పలుచగా చెక్కి, క్రింద కుండ కడతాడు. ప్రొద్దుటా సాయంకాలమూ మళ్లీ ఎక్కి మరొక పలుచని చెక్కు తీయవలెను. లేకుంటే కారడం ఆగిపోతుంది. లోతుగా చెక్కితే గెల త్వరగా అయిపోతుంది, తేలికగా చెక్కితే నీరు రాదు. ఆ చేతివాటం ఏ పుస్తకం చదివినా వచ్చేది కాదు.

అట్లా దిగిన నీటిలో చక్కెర నూటికి పది పన్నెండు పాళ్లు మాత్రమే, ద్రాక్షరసంలో సగం. పైగా ద్రాక్షకున్న సహజమైన పులుపు, తోలులోని వగరు దీనికి లేవు. ఆ పులుపూ వగరూ చెడగొట్టే సూక్ష్మజీవులను కొంతవరకు అడ్డగిస్తవి. తాటినీటికి ఆ కాపుదల లేదు. గాలిలోను, కుండ గోడలకును ఉన్న ఈస్టు చెట్టుమీదనే దానిలో చేరుతుంది. కొన్ని గంటలలో తీపినీరు కల్లవుతుంది. అందులో ఆల్కహాలు నూటికి నాలుగైదు పాళ్లకు మించదు. ఆ కొద్దిపాటి ఘాటు తరువాత వచ్చే పుల్లని సూక్ష్మజీవులను ఆపలేదు. కనుక మరునాటికి అది త్రాగ వీలుకాని పులుపెక్కి, క్రమంగా సిరకా అవుతుంది. అంటే తాటినీరు నాసిరకం కాదు. దానిని ఆపే ఉపాయం లేకపోవడమే దాని అల్పాయుష్షుకు కారణం.

నిజానికి ఉపాయం పూర్తిగా లేకపోలేదు. కుండ లోపల సున్నం పూసి కట్టితే ఈస్టు పెరుగక నీరు తీపిగానే దిగుతుంది. దానినే నీరా అంటున్నాము. వెంటనే పెనంమీద కాచి నీరు ఇగిర్చితే తాటిబెల్లం. సుమారు 8 నుండి 10 లీటర్ల నీరుంటే ఒక కిలో బెల్లం దిగుతుంది. బెల్లం నెలలతరబడి నిలువ ఉంటుంది. పోర్చుగీసువాడు సారా పోసి రసాన్ని ఆపినాడు, మనవాడు సున్నం పూసి, మంట పెట్టి ఆపినాడు. సూత్రం ఒకటే. అయితే డౌరోలో ఆ ఉపాయం ఒక ప్రాంతమంతటికీ వృత్తి అయినది. మన ప్రాంతంలో అది కొన్ని కుటుంబాలకు తెలిసిన పనిగానే మిగిలినది.

వేడి కూడా నిలువకు సాయపడుతుందని పోర్చుగీసువారికి తెలిసినది సముద్రం వలన. ఆఫ్రికాకు వాయవ్యంగా అట్లాంటిక్‌లో మదీరా అనే కొండదీవి ఉన్నది. 1420 ప్రాంతంలో పోర్చుగీసువారు అక్కడ స్థిరపడి, కొండలను చుట్టి నీటికాలువలు త్రవ్వి, చెరకు, ద్రాక్ష పండించినారు. ఇండియాకు వచ్చే ఓడలు మంచినీటికోసం ఆ దీవివద్ద ఆగి, దానితోపాటు వైను పీపాలు కూడా ఎక్కించుకొనేవి. ఓడ అడుగున, భూమధ్యరేఖ ఎండలో, నెలలతరబడి ఊగిసలాడిన ఆ వైను పాడుకాలేదు సరిగదా, మరింత రుచి పట్టినది. అమ్ముడుకాక తిరిగివచ్చిన పీపాలలోని వైనుకు దీవిలో గిరాకీ ఏర్పడినది. చివరకు ఇండియాదాకా పోయి తిరిగివచ్చిన వైను అన్న పేరుతోనే దానిని ప్రత్యేకంగా అమ్మినారు. తరువాత ఓడ ఖర్చు ఎందుకని, దీవిలోనే 45 నుండి 50 డిగ్రీల వేడిలో కనీసం 90 రోజులు ఉంచడం, లేదా మేలురకాన్ని ఇంటి అటుకలమీద సూర్యుని వేడికే ఏళ్లతరబడి వదలిపెట్టడం నేర్చినారు. ఎండకు చెడిపోతుందనుకొన్నదానిని ఎండతోనే నిలబెట్టినారు.

ఈ మదీరా మన తీరానికి పరాయిది కాదు. పద్దెనిమిదవ శతాబ్దంలో మదరాసు మొదలైన కుంఫిణీ స్థావరాలలో తెల్లదొరల భోజనాల బల్లమీద అది తప్పనిసరి పానీయం. గోదావరి ముఖద్వారాలవద్దకూడా కుంఫిణీవారికి కొఠీలు ఉండేవి. నరసాపురం ప్రక్కన మాదపాళెం, యానాం దగ్గర ఇంజరం, అమలాపురానికి దిగువన బెండమూర్లంక. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడింటినీ స్వాధీనం చేసికొన్నాడు. ఆ కొఠీలు ఇక్కడినుండి ఎత్తుకొనిపోయినది మన నేతగుడ్డ. మాదపాళెం గుడ్డకు ఎంత పేరు వచ్చినదంటే, పోర్చుగీసు భాషలో ఒక రకం నూలుగుడ్డకు నేటికీ మదపొలాఁవ్ అనియే పేరు. వారి పీపా మన నిఘంటువులోకి వచ్చినట్లే మన గోదావరి ఒడ్డు ఊరు వారి నిఘంటువులోకి పోయినది. అయితే ఇక్కడ ఒక భేదం గమనించవలెను. పోర్టు, మదీరా అనే పేర్లు నేటికీ ఆ ఊళ్లవారికే లాభం తెచ్చిపెడుతున్నవి. మాదపాళెం అనే పేరు గుడ్డకు మిగిలినదిగాని మాదపాళెం నేతగానికి మిగలలేదు. పేరును కాపాడే హద్దు దానికి లేకపోయినది.

హద్దు సంగతి చెప్పుకొనే ముందు కాట్రేనికోనకు అత్యంత సన్నిహితమైన పోర్చుగీసు ప్రాంతాన్ని ఒకసారి చూడవలెను. లిస్బను నగరానికి సమీపంలో సముద్రపుటొడ్డున కొలారెష్ అనే చోటు ఉన్నది. అక్కడ నేల అంతా ఇసుక. ఎప్పుడూ ఉప్పుగాలి. అయినా అక్కడ రమీష్కు అనే ద్రాక్షను పండిస్తారు. ఇసుకను లోతుగా త్రవ్వి, అడుగునున్న బంకమట్టిలో తీగను నాటి, అది ఎదిగినకొద్దీ ఇసుకను తిరిగి నింపుతారు. త్రవ్వేటప్పుడు ఇసుక విరిగిపడితే ఊపిరాడడానికి పనివారు తలమీద బుట్ట బోర్లించుకొనేవారట. ఉప్పుగాలికి అడ్డంగా రెల్లుతడికలు కడతారు. మన తీరంలో సరుగుడుతోటలు, తాటివరుసలు చేసే పనిని అక్కడ తడిక చేస్తుంది.

పందొమ్మిదవ శతాబ్దం చివరిభాగంలో అమెరికానుండి వచ్చిన ఫిలాక్సెరా అనే వేరుపురుగు యూరోపులోని ద్రాక్షతోటలను తుడిచిపెట్టినది. ఆ తరువాత దాదాపు అంతటా అమెరికా వేరుమీద అంటుకట్టి తోటలు పునరుద్ధరించవలసి వచ్చినది. కొలారెష్ ఇసుకలో మాత్రం ఆ పురుగు బ్రతుకలేకపోయినది. అక్కడి తీగలు సొంతవేళ్లమీదనే నిలిచినవి. ఎందుకూ పనికిరాదనుకొన్న ఇసుకే రక్షించినది. అయితే పురుగు చేయలేని పనిని నగరం చేసినది. లిస్బను పెరిగి ఇళ్లస్థలాలకు గిరాకీ రాగా, ఒకనాడు వెయ్యి హెక్టార్లకు పైబడి ఉన్న ఆ తోటలు నేడు కొద్ది పదుల హెక్టార్లకు కుదించుకొనిపోయినవి.

కాట్రేనికోనవారు ఈ కథలో తమ ఇసుకదిబ్బలను చూచుకోవచ్చును. ద్రాక్ష మన డెల్టా గాలితేమకు, వానకు తాళలేదు. గౌతమికి ఆవలనున్న ద్రాక్షారామం పేరులో ద్రాక్ష వినిపించినా అది దక్షుని పేరుమీద వచ్చినదనే పెద్దలు చెబుతారు. ఈ నేలకు తగిన చెట్టు తాడి. ఉప్పుగాలికి జంకదు, ఇసుకలోను బ్రతుకుతుంది, లోతైన వేళ్లతో గాలివానకు నిలబడుతుంది. 1996 నవంబరు 6 నాటి పెనుతుపానులో కోనసీమలో లక్షలాది కొబ్బరిచెట్లు నేలకూలిన సంగతి ఇక్కడివారు మరువలేదు. తాడి కాపుకు రావడానికి సుమారు 12 నుండి 20 ఏళ్లు పడుతుంది. నాటినవాడు తనకోసం కాక కొడుకుకోసం నాటే చెట్టు అది. గట్టు చెరువుగానో ఇళ్లస్థలంగానో మారినచోట ఆ చెట్టు పోతుంది. పోయినదానిని ఒక తరంలో తిరిగి తెచ్చుకోలేము.

ఇటువంటి దీర్ఘకాలపు చెట్టును చట్టంతో ఎట్లా కాపాడుకోవచ్చునో పోర్చుగల్ దక్షిణప్రాంతం అలెంతెజు చూపుతుంది. రోమనుల కాలంనాటి పద్ధతిలో పెద్ద మట్టిబానలలో వైను పులియబెట్టే ఆచారం అక్కడ ఇంకా ఉన్నది. నవంబరు 11న సంతు మార్టిన్ పండుగనాడు ఆ బానలు తెరుస్తారు. సీసాలకు బిగించే బిరడా కూడా ప్రధానంగా ఆ ప్రాంతానిదే. కార్కు అనే సింధూరజాతి చెట్టు బెరడును ఒలిచి బిరడాలు చేస్తారు. నాటిన 25 ఏళ్లకుగాని మొదటి బెరడు తీయరు. ఆపైన తొమ్మిదేళ్లకు ఒకసారి మాత్రమే తీయవలెను. ఒలిచిన సంవత్సరపు చివరి అంకెను చెట్టుమీదనే రంగుతో వ్రాస్తారు. ప్రభుత్వం అనుమతి లేనిదే ఆ చెట్టును నరకడానికి వీలులేదు. ప్రపంచపు కార్కులో దాదాపు సగం ఆ చిన్న దేశంనుండే వస్తున్నది.

ఇప్పుడు హద్దు సంగతి. 1703లో ఇంగ్లండు, పోర్చుగల్ చేసికొన్న మెథ్యూన్ ఒడంబడిక ప్రకారం పోర్చుగీసు వైనుమీద సుంకం ఫ్రెంచి వైనుకంటె మూడవవంతు తక్కువ. గిరాకీ పెరిగినది. గిరాకీతోపాటు కల్తీ పెరిగినది. నాసిరకం రసానికి ఒకరకం అడవిపండ్ల రంగు కలిపి పోర్టు అని అమ్మసాగినారు. పేరు చెడి ధరలు పడిపోయినవి. అప్పుడు దేశపు మంత్రి పొంబాల్ 1756లో ఒక కంపెనీని స్థాపించి, డౌరో లోయలో పోర్టు వైను పండదగిన భూమి ఇంతవరకే అని హద్దు గీసినాడు. మూడువందలకు పైగా చెక్కుడురాళ్లు ఆ హద్దున పాతించినాడు. రంగుపండ్ల పొదలను పెరికించినాడు. ప్రాంతానికి చట్టబద్ధంగా హద్దు గీసి పేరును కాపాడిన ప్రయత్నాలలో ప్రపంచంలో మొదటివాటిలో ఇది ఒకటి. ఆ రాళ్లలో అనేకం నేటికీ తోటల మధ్య నిలిచియున్నవి. మీన్యో, కొలారెష్ మొదలైన ప్రాంతాలకు 1908లో ఇటువంటి హద్దులే ఏర్పరచినారు.

కాని ఈ ఏర్పాటును గుడ్డిగా మెచ్చుకోరాదు. పొంబాల్ కంపెనీకి వైను అమ్మకంలో గుత్తాధిపత్యం ఇచ్చినందున పోర్తు నగరంలో చిల్లర దుకాణాలవారి బ్రతుకులు దెబ్బతిన్నవి. 1757 ఫిబ్రవరిలో ప్రజలు తిరుగబడినారు. ప్రభుత్వం దానిని త్రాగుబోతుల తిరుగుబాటని ఎగతాళిచేసి, అనేకులను ఉరితీయించినది. పేరును కాపాడిన చట్టం పేదవానిని కాపాడలేదు. హద్దురాయి పాతేటప్పుడు ఆ హద్దులో కష్టపడేవానికి ఎంత దక్కుతుందన్న ప్రశ్న కూడా అక్కడే పాతుకొని ఉన్నది.

కల్లు విషయంలో మన ప్రభుత్వాలుకూడా ఈ ప్రశ్ననుండి తప్పించుకోలేదు. మదరాసు రాష్ట్రంలో మొదలైన మద్యనిషేధం విడిపోయిన ఆంధ్రరాష్ట్రంలోనూ కొనసాగినది. గీతపనివారి ఉపాధి సమస్య శాసనసభలో పెద్ద చర్చ అయినది. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఆ వివాదంమీద ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. ఆంధ్రరాష్ట్రపు మొదటి మంత్రివర్గం కూలడానికి సందర్భం తాటిచెట్టెక్కే కార్మికుని బ్రతుకు. ఒకవైపు త్రాగుడువలన కుంగే ఇల్లాలి కన్నీరు, మరొకవైపు చెట్టునే నమ్ముకొన్నవాని కూడు. రెండూ నిజమే. ఆ తరువాత చట్టాలు సడలినవి, 1995లో సంపూర్ణ నిషేధం మళ్లీ వచ్చినది, 1997లో తొలగినది. చెట్టెక్కేవాని ప్రశ్న మాత్రం తీరలేదు.

ఈ చిక్కుకు ఒక దారి పోర్చుగీసువారు పాలించిన గోవాలోనే కనిపిస్తుంది. 1510 నుండి 1961 వరకు గోవా వారి ఏలుబడిలో ఉన్నది. అక్కడ ద్రాక్ష పండలేదు. వారికి కొబ్బరికల్లు కనిపించినది. 1563లో గోవాలో తన గ్రంథం అచ్చువేయించిన గార్సియా ద ఒర్తా అనే పోర్చుగీసు వైద్యుడు కొబ్బరికల్లును కొత్తగా పిండిన ద్రాక్షరసంతో పోల్చినాడు. దానినుండి సారా, బెల్లం చేసే విధాన్నికూడా పేర్కొన్నాడు. పోర్చుగీసువారే బ్రెజిలునుండి జీడిమామిడిని తెచ్చినారు. ఆ పండురసాన్ని పులియబెట్టి దించినదే జీడిఫెనీ. 2009లో అది భౌగోళిక గుర్తింపు పొందినది. అనగా గోవాలో చేసినదానికి తప్ప ఇతరులకు ఆ పేరు వాడే హక్కు లేదు. పొంబాల్ పాతించిన రాయి రెండున్నర శతాబ్దాల తరువాత మన దేశపు చట్టంలో కాగితంమీదికి వచ్చినదనవచ్చును.

ఆ చట్టం కోనసీమకు కొత్తది కాదు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు అదే గుర్తింపు లభించినది. కుండమీద పిండినీటిని పూసి రేకు తీసే ఆడవారి చేతిపనికి ఊరిపేరుతో హక్కు ఏర్పడినది. రేకులో చల్లే తీపిలో చెట్టునుండి దిగిన బెల్లానికికూడా చోటు దొరకవచ్చును గదా. సున్నపు కుండలో దించిన నీరా, శుభ్రంగా కాచిన తాటిబెల్లం, తాటిచక్కెర - వీటిలో మత్తు లేదు. కనుక ఇల్లాలికి కన్నీరు లేదు. నిలువ ఉంటవి. కనుక గీతపనివాడు సూర్యోదయంతో పోటీపడి అమ్ముకోనక్కరలేదు. పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధనస్థానంలో తాటిమీద పరిశోధన జరుగుతూనే ఉన్నది. హైదరాబాదులో 2023లో నీరాకోసం ప్రత్యేకంగా ఒక కేంద్రంకూడా తెరిచినారు.

తాటిచెట్టు క్రింద పాలు త్రాగినా కల్లే అంటారని మన సామెత. పేరుకు ఎంత బలమున్నదో చెప్పడానికి దీనికంటె మంచి మాట లేదు. పోర్చుగీసువారు ఆ బలాన్ని తమవైపు త్రిప్పుకొన్నారు. డౌరోలో పండినదే పోర్టు అని ప్రపంచంచేత అనిపించినారు. అందుకు వారికి కావలసినవి మూడు: రసాన్ని ఆపే ఉపాయం, పేరుకొక హద్దు, ఆ హద్దులోని పనివానికి న్యాయమైన వాటా. మొదటి రెండింటిని వారు సాధించినారు. మూడవది చాలాకాలం మరచినారు. మనకు మొదటిది సున్నపు కుండలో ఉన్నది. రెండవదానికి చట్టమున్నది. మూడవది గట్టుమీద తాడిని నరకబోయే ముందు, దానిని ఎక్కేవానిని ఒక్కసారి పిలిచి అడగడంతో మొదలవుతుంది.